నా తల మీద నాలుగు వేళ్ళ ఎత్తు

మా యారాలు, అంటే మా మరిది భార్య, కొత్త కారు తెచ్చి ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందు ఆపిన రోజు నాకు కడుపు మండింది. ఆ రోజు ఎవరితోనూ అనలేదు కాబట్టి ఇక్కడైనా అనాలి. పైకి మాత్రం నవ్వాను. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు నేనే తెచ్చాను, దిష్టి నీళ్ళు నేనే తిప్పి పోశాను. "రంగు మస్తున్నది చెల్లె" అని కూడా అన్నాను. లోపల మాత్రం ఆ ముదురు నీలం రంగు మీద ఒక్క గీత పడితే ఎంత బాగుండు అనుకున్నాను.

బండి కంటే ఎక్కువ మండించింది ముందు సీట్లో కూర్చున్న మనిషి. మా అత్త. మోకాళ్ళ డాక్టరుకు చూపించుకోవాలని వారం కిందట నాతో బస్సులో కామారెడ్డి వచ్చి, చెల్లె ఇంట్లో ఆగిపోయిన మనిషి, చిన్నకోడలి కారులో మహారాణిలా దిగింది. ఈ కారు సంగతి నాకు ముందుగా ఒక్క మాట చెప్పలేదు. అడిగితే, "వస్తువు ఇంటికి వచ్చేదాక నోరు తెరువద్దే, దిష్టి తాకుతది" అంది. అది మా ఇంట్లో ఆమె పెట్టిన కట్టుబాటే. ఫ్రిజ్ కొన్నా, పట్టుచీర కొన్నా, గడప దాటి లోపలికి వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదు. కానీ ఆ 'ఎవరికీ'లో నేను కూడా ఉన్నానని నాకు ఆ రోజే తెలిసింది.

మా మరిది మస్కట్‌లో పని చేస్తాడు. పిల్లల చదువుల కోసం చెల్లె కామారెడ్డిలో ఉంటుంది. మా ఆయనకు ఎల్లారెడ్డిలో బోరు మోటార్లు బాగుచేసే షాపు ఉంది, కౌంటర్ మీద నేను కూర్చుంటాను. నేను పెద్దకొడప్‌గల్ నుంచి కోడలిగా వచ్చిన రోజు నుంచి అత్త మా దగ్గరే ఉంది. నాకు చిన్నప్పుడే తల్లి పోయింది. అత్తను 'అత్తా' అని పిలుస్తానే గాని, ఆ పిలుపులో నేను తీర్చుకున్న ముచ్చట వేరు. ఆమె నన్ను తిట్టినా నాకు బాగుండేది. తిట్టడానికి ఒక మనిషి ఉందన్న ధీమా అది.

ఆమె నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది. ఒళ్ళో చేట పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని, పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేది కాదు. ఆ కూర్చోవడమే ఆమె మోకాళ్ళను తినేసింది. నెలకోసారి నేనే ఆమెను బస్సులో కామారెడ్డి డాక్టరు దగ్గరికి తీసుకుపోయేదాన్ని. లింగంపేట వచ్చేదాకా ఆమె నా భుజం మీద నిద్రపోయేది. చూపించుకున్నాక బస్టాండు దగ్గర ఇద్దరం మిర్చీలు తినేవాళ్ళం. డాక్టరు నూనె వద్దన్నాడని ఇంట్లో చెప్పేవాళ్ళం కాదు. ఆ నెల నెలా తిరుగుడు నాకు పండుగలా ఉండేది, ఎవరితోనూ అనకపోయినా.

కారు వచ్చాక ఆ పండుగ పోయింది. డాక్టరు రోజుకు ముందు రోజే చెల్లె బండి వచ్చి వాకిట్లో హారన్ కొట్టేది. చెల్లె తనే నడుపుతుంది, అదొకటి. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఒక చెయ్యి కిటికీ మీద వేసి, "అక్కా, అత్తను తోలుకపోతున్న" అనేది. అత్త చేతిసంచీ పట్టుకుని బయటికొచ్చి, తలుపు తీసి, వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, రెండు కాళ్ళు లోపలికి తీసుకునేది. కుర్చీలో కూర్చున్నంత సులువుగా కూర్చునేది. మొదట ఒక్క రోజుకు వెళ్ళేది. తర్వాత మూడు రోజులైంది. తర్వాత వారం. తిరిగొచ్చాక, "చిన్నదాని ఇంట్ల మెట్లు లెవ్వు, బాత్రూం ఇంట్లనే ఉన్నది" అని పదిసార్లు చెప్పేది. మా బాత్రూం వెనుక వాకిట్లో ఉంటుంది.

ఒకనాడు మా వాడలో బీడీలు చుట్టే ఆమె ఒకరు ఆకు కత్తిరిస్తూ, "మీ అత్త ఇగ కామారెడ్డిలనే ఉంటదట గదా?" అంది. ఇంట్లోకి వచ్చి చెంబును కావాలనే గట్టిగా కింద పెట్టాను.

ఆ మధ్యాహ్నం మా ఆయనకు అన్నం వడ్డిస్తూ అడిగాను. "మనం గూడ కారు కొందాం."

"ఎందుకే? షాపుకు ట్రాలీ ఉన్నది, మనకు బైకున్నది."

"మీ అమ్మను ట్రాలీల ఎక్కిస్తవా? డాక్టరు కాడికి తోల్కపోవాల్నంటే ఎప్పుడూ చిన్నదాని దిక్కే చూడాల్నా?"

"సరే, చూద్దాం తియ్" అన్నాడు ఆయన. తల్లి పేరెత్తితే ఆయన కరుగుతాడని నాకు తెలుసు. అత్త మోకాళ్ళను అడ్డం పెట్టుకుని నా కుళ్ళును దాచుకున్నాను. పూర్తిగా అబద్ధమూ కాదు. ఆమె మా దగ్గరే ఉండిపోవాలి, ఎవరి కారు కోసమూ ఎదురుచూడకూడదు అన్నదే నా కోరిక. అది ప్రేమా, పంతమా అని ఎవరైనా నిలదీస్తే అప్పుడు నేను చెప్పలేకపోయేదాన్ని.

బేరానికి పోయేముందు ఒక పని చేశాను. చెల్లె మళ్ళీ వచ్చినప్పుడు, ఆమె లోపల చాయ్ తాగుతుండగా, నేను చెప్పులు విడిచి ఆ నీలం కారు పక్కన నిటారుగా నిలబడ్డాను. పైకప్పు సరిగ్గా నా నడినెత్తికి వచ్చింది. చేత్తో తడిమి చూసుకున్నాను. మా అమ్మాయి అది చూసి, "ఏం చేస్తున్నవమ్మా?" అంది. "కొప్పు సరిజేసుకుంటున్న" అన్నాను.

కామారెడ్డిలో షోరూములు చాలానే తిరిగాం. మా ఆయనది ఒక లెక్క, మా అమ్మాయిది ఒక లెక్క, నాది ఒక లెక్క. ఆయన ప్రతి బండి దగ్గరా మొదట డిక్కీ తెరిపించేవాడు. లోపలికి వంగి, బోరు మోటరు పడుతుందా లేదా అని జేనలతో కొలిచేవాడు. గ్యాసుతో నడిచే బండి చూపిస్తే, "సిలిండరే డిక్కీ అంత తింటే మా సామాన్లు ఏడ పెట్టాలె?" అని మూసేసేవాడు. స్టెప్నీ ఎక్కడుందో వంగి చూసేవాడు. డోంగ్లిలో చుట్టాల పెండ్లికి పోతే వెనక సీట్లో ముగ్గురు ఒరుసుకోకుండా కూర్చోగలరా అని, సేల్స్ పిల్లగాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి తను ఒక పక్క కూర్చుని నన్ను ఇంకో పక్క కూర్చోబెట్టాడు. పాపం ఆ పిల్లగాడి టై నా భుజం కింద ఇరుక్కుంది. మా అమ్మాయికి పైన తెరుచుకునే అద్దం కావాలి, అంతే. అది లేని బండి అయితే లోపలికి కూడా ఎక్కేది కాదు.

నేనేమీ అడగలేదు. ప్రతి బండి పక్కనా నిలబడ్డాను.

ఒకదాని పైకప్పు నా కనుబొమల దగ్గరికి వచ్చింది. వద్దన్నాను. ఇంకోటి నడినెత్తికి వచ్చింది. అది మా ఆయనకు బాగా నచ్చింది. గేర్లు మెత్తగా పడుతున్నాయి, డిక్కీ ఉంది, సీటు కూడా ఎక్కడానికి, దిగడానికి సులువు. "గిది మంచిగున్నదే, అమ్మ గూడ అల్కగ కూసుంటది" అన్నాడు. చెల్లె బండంతే ఉన్నదాన్ని కొంటే చెల్లెను చూసి కొన్నారంటారు, కాబట్టి వద్దు. ఈ కారణం నేను పైకి చెప్పలేదు. "సప్పుడు బాగ లేదు" అన్నాను. నిజానికి ఇంజను ఆపే ఉంది.

చివరి షోరూములో ఎర్ర బండి ఒకటి ఉంది. చెల్లె తన బండి కొన్నది కూడా అక్కడే. ఆమె కొన్నచోటే ఆమె బండి కంటే పెద్దది కొనాలని, మా చెల్లె కొన్నది ఇక్కడే అని చెప్పి మరీ ఆ గుమ్మం ఎక్కాను. ఎర్ర బండి పక్కన నిలబడి చెయ్యి పైకెత్తాను. పైకప్పు నా తల మీద నాలుగు వేళ్ళ ఎత్తున ఉంది.

"ఇదే" అన్నాను.

"లోపల చూడరా మేడం?" అన్నాడు సేల్స్ అబ్బాయి.

"చూసుడేంది, కనవడుతలేదా?"

మా ఆయన తలుపు తీసి లోపలికి ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కాడు. ఆయన ముఖంలో అనుమానం కనిపించింది. "జర ఎత్తున్నది. అమ్మ ఎక్కుతదా? రేపు అమ్మను తోల్కొచ్చి ఒకసారి కూసోబెట్టి చూద్దాం."

"ఏం వద్దు" అన్నాను. "ఇంటికొచ్చేదాక ఎవ్వరికి చెప్పద్దని అత్తనే కదా అన్నది. దిష్టి తాకుతది. ఎక్కుడు ఏమంత పని? నేను పట్టుకుంట."

దిష్టి అన్నాక మా ఆయన మారుమాట్లాడడు, ఆ ఇంట్లో పెరిగినవాడు. అసలు సంగతి ఏమిటంటే, అత్తకు తెలిస్తే ఆ సాయంత్రమే ఫోన్‌లో చెల్లెకు చెబుతుంది. చెల్లె ముఖం ఎలా మారుతుందో నేను నా కళ్ళతో చూడాలి. ఎవరి కోసం బండి కొంటున్నానని మా ఆయనకు చెప్పానో, ఆ మనిషిని బండి దగ్గరికి రానివ్వకుండా బండి ఖాయం చేశాను.

బండి ఇంటికి వచ్చిన రోజు పొద్దున్నే వాకిలి ఊడ్చి పెద్ద ముగ్గు వేశాను. పూజ ఉంది రమ్మని చెల్లెకు ఫోన్ చేస్తే, పిల్లలకు పరీక్షలని రాలేదు. సగం ఆనందం అక్కడే పోయింది. అయినా వాడంతా వచ్చింది. బీడీలు చుట్టే ఆడవాళ్ళు చేటలు చంకన పెట్టుకుని మరీ వచ్చారు. మా ఆయన కొబ్బరికాయ కొట్టాడు. మా అమ్మాయి పైన అద్దం తెరిచి అందులోంచి తల బయటపెట్టి నిలబడింది. అత్త పసుపు కుంకుమలు పెట్టి, బండి చుట్టూ మెల్లగా తిరిగి వచ్చింది. "గింత పెద్దదా!" అంది. ఆ మాటకు నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ఇంటి పెద్దమనిషి మొదట కూర్చోవాలి. ముందు తలుపు తీసి, "రా అత్తా" అన్నాను.

ఆమె కుడికాలు ఎత్తింది. అందలేదు. ఎడమకాలు ఎత్తబోయింది, కుడి మోకాలు నిలవలేదు. తలుపు పట్టుకుని ఆగింది. అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి కూర్చోబోయింది. సీటు నడుముకు తగిలి, ఆమె కిందికి జారింది. మా ఆయన చంకల్లో చేతులు వేసి లేపబోతే, "ఆగురా, ఆగు, పడుత" అని అరిచింది. ఎవరో ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేశారు. దాని మీద ఒక కాలు పెట్టగానే అది ఊగింది. ఆమె భయపడి దిగి, ఆ స్టూలు మీదే కూర్చుండిపోయింది. చెమట తుడుచుకుని, అందరి వైపు చూసి నవ్వింది.

"బండి మంచిగున్నది బిడ్డా. మీరు పోయి ఒక సుట్టు తిరిగి రాండ్రి. నేను గీడ కూసోని సూస్త."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నా నోరు ఆగలేదు. "చిన్నదాని బండైతే ఉరికి ఎక్కుతవు. నా బండి కాడికి వచ్చేసరికే నీ మోకాళ్ళు యాదికొచ్చినయా?"

మా ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అత్త నన్ను తిట్టని రోజు అదే మొదటిది.

మర్నాడు మా ఆయన్ని వెంటబెట్టుకుని కామారెడ్డి షోరూముకు పోయాను. బండికి పక్కన కాలు పెట్టుకునే మెట్టు బిగిస్తారని ఎవరో చెప్పారు. అది బిగిస్తుండగా సేల్స్ అబ్బాయి చాయ్ తెచ్చి ఇచ్చి పక్కన నిలబడ్డాడు.

"మీ ఇంట్లో పెద్దమ్మ కోసమా మేడం? మోకాళ్ళ నొప్పులు కదా ఆమెకు."

"నీకెట్ల తెలుసు?"

"మీ చెల్లెలు తీసుకొచ్చారు కదా. ఉన్న బండ్లన్నిటిలో ఒక్కొక్కటిగా కూర్చోబెట్టి, దింపి చూశారు. రెండు రోజులు వచ్చారు. మీరు కొన్నదే వాళ్ళ పిల్లలకు నచ్చింది, ఒకటే ఏడుపు. పెద్దమ్మ ఎక్కలేకపోతోందని మీ చెల్లెలే వద్దన్నారు."

"ఆ మాట నాకు చెప్పద్దా?"

"మీరేమీ అడగలేదు మేడం. పక్కన నిలబడి ఇదే అన్నారు, అంతే."

మా ఆయన తల వంచుకుని మెట్టు బిగించే పని చూస్తున్నాడు. ఇది విన్నాక నా కుళ్ళు తగ్గాలి కదా. తగ్గలేదు, రెట్టింపైంది. ఇన్నాళ్ళూ కారు ఉన్నందుకు చెల్లెను ఓర్వలేకపోయాను. ఇప్పుడు ఆ బుద్ధి నాకంటే ముందు ఆమెకు పుట్టినందుకు ఓర్వలేకపోయాను. కారైతే ఇంకో కారు కొని సమాధానం చెప్పొచ్చు. దీనికేం కొనాలి?

మెట్టు బిగించుకుని ఇంటికి వచ్చేసరికి అత్త సంచీ సర్దుకుంటోంది. మోకాలికి ఆపరేషన్ చేయాలని డాక్టరు ఎప్పటినుంచో అంటున్నాడు, భయపడి వాయిదా వేస్తూ వచ్చింది. ఇప్పుడు ఒప్పుకుందట. ఆపరేషన్ అయ్యాక కామారెడ్డిలోనే ఉంటుందట. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను. "అత్తా, మెట్టు పెట్టించిన. ఒక్కసారి చూడరాదు" అన్నాను. "కాలు మంచిగయినంక సూస్త తియ్" అంది, నా ముఖం చూడకుండా. చెల్లె నీలం బండి వచ్చింది. అత్త వెనక్కి తిరిగి, కూర్చుని, కాళ్ళు లోపలికి తీసుకుంది. నేను సంచీ అందించాను.

ఆపరేషన్ రోజు ఆస్పత్రిలో అందరం ఉన్నాం. తర్వాత చెల్లె ఇంటికి రోజు విడిచి రోజు వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. ఆ ఇంట్లో అన్నీ చక్కగా ఉన్నాయి. మంచం పక్కన గంట ఉంది, మందులకు డబ్బా ఉంది, నడవడానికి చేతికర్ర ఉంది. తప్పు పట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని కళ్ళతో వెతికాను. ఏమీ దొరకలేదు. అత్త నాతో ముభావంగానే ఉండేది.

కుట్లు విప్పాక స్నానం చేయించొచ్చని డాక్టరు చెప్పాడు. ఆ మర్నాడు పొద్దున చెల్లె ఫోన్ చేసింది. గొంతు తేడాగా ఉంది.

"అక్కా, అత్త తానం చేస్తలేదు. రెండుసార్లు నీళ్ళు కాగబెట్టిన. నన్ను దగ్గరికే రానిస్తలేదు. పెద్దది వస్తెనే పోసుకుంట అంటున్నది."

చీర కూడా మార్చుకోలేదు. మా ఆయన షాపు తాళం తీయబోతుంటే ఆపి బండి తీయించాను. లింగంపేట దాటేదాకా నవ్వుతూనే ఉన్నాను. అత్త నా దగ్గర సిగ్గుపడదు. నా కాన్పుకు తల్లిగారిల్లు లేక అత్త దగ్గరే ఉన్నాను. పచ్చి ఒంటిమీద నాకు నీళ్ళు పోసింది ఆమె చేతులే. చెల్లె కాన్పులు వాళ్ళ అమ్మ దగ్గర జరిగాయి. ఎన్ని కార్లు కొన్నా ఈ లెక్క చెల్లెకు కుదరదు.

చెల్లె అన్నీ సిద్ధంగా పెట్టింది. గోరువెచ్చని నీళ్ళు, వెడల్పాటి ప్లాస్టిక్ కుర్చీ, కొత్త తువ్వాలు, కాళ్ళు జారకుండా నేల మీద రబ్బరు పట్ట. అత్తను నేను ఒక పక్క, చెల్లె ఒక పక్క పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాం. నేను కొంగు నడుముకు దోపుకున్నాను. అత్త నన్ను ఎగాదిగా చూసి, "ఏమే, ఇప్పటికి తీరిందా? బండెక్కి ఊర్లు తిరుగుతున్నవా?" అని తిట్టింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తలుపు దగ్గర చెల్లె చెంబు పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి రావాలో, వెళ్ళిపోవాలో తెలియని నిలబడటం. అత్త తిట్టు ఆమె కూడా విన్నది. నవ్వుతోంది గాని, పెదవులు మాత్రమే నవ్వుతున్నాయి. ఆ ముఖం నాకు బాగా తెలుసు. వాకిట్లో నీలం కారు పక్కన నిమ్మకాయలు పట్టుకుని నిలబడ్డప్పుడు నాది అదే ముఖం. అది ఎంత మండుతుందో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు.

"దాన్ని గూడ లోపటికి రానియ్యే" అంది అత్త. "నువ్వు లేనినాడు అదే పొయ్యాలె గద, నేర్చుకుంటది."

నేను చెల్లె చేతిలోంచి చెంబు తీసుకున్నాను.

"బాత్రూం చిన్నగున్నది అత్తా, ముగ్గురం పట్టం" అన్నాను.

ఆ బాత్రూం మా వంటింటి కంటే పెద్దది. తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టాను.